ఆ కొండ మీదికి మళ్లీ వెళ్లిన చిత్రకారుడు: జార్జ్ లాంబర్ట్, గల్లిపోలి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కాన్‌బెరాలో ఉంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌కి తీసుకెళ్తాను. అక్కడి ఒక పెద్ద తైలవర్ణ చిత్రం గురించి చుట్టాలు, స్నేహితులు, ఇక్కడి తెలుగు పిల్లలు ఇన్నేళ్లుగా నన్ను అడిగిన ప్రశ్నలివి. చిత్రం పేరు ‘ఆన్‌జాక్, ద ల్యాండింగ్ 1915’. ఆన్‌జాక్ అంటే ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సైనిక దళం పేరుకు పొడి అక్షరాలు. గీసింది జార్జ్ లాంబర్ట్. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ సైన్యం నేటి టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగి దాదాపు నాలుగేళ్లయ్యాక ఆయన అక్కడి కొండకు వెళ్లి, మట్టిని దగ్గర నుంచి చూసి గీశాడు. ఈ చిత్రం మీద నాకున్న ప్రేమకు కారణం అదే.

ఈ జార్జ్ లాంబర్ట్ ఎవరు?

1873లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి అమెరికన్, తల్లి ఇంగ్లిష్ ఆవిడ. కొడుకు పుట్టకముందే తండ్రి చనిపోయాడు. జర్మనీలో కొన్నాళ్లు, ఇంగ్లండ్‌లో కొన్నాళ్లు గడిపి, 1887లో కుటుంబంతో ఆస్ట్రేలియా చేరాడు. కుర్రతనంలో న్యూ సౌత్ వేల్స్ లోపలి ప్రాంతంలో గొర్రెల పెంపకం భూముల్లో పనిచేశాడు. గుర్రపుస్వారీ, ఎండ, దుమ్ము, మట్టి అక్కడే ఒంటబట్టాయి.

ఆయనకు పేరు తెచ్చిన తొలి పెద్ద చిత్రం 1899 నాటిది. దాని పేరును తెలుగులో చెప్పాలంటే ‘నల్లరేగడి నేలల మీదుగా’ అనాలి. ఉన్ని బేళ్లు ఎత్తిన బండిని గుర్రాలు నల్లమట్టిలో లాగుతుంటాయి. వానపడిన రేగడిలో నడిచి చెప్పులు పోగొట్టుకున్నవాళ్లకు ఆ గుర్రాల కష్టం ఎవరూ వివరించక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ప్రకృతి దృశ్యాల చిత్రాలకిచ్చే విన్ బహుమతి ఆ ఏడాది దానికే వచ్చింది. ఇప్పుడది సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది. గల్లిపోలి చిత్రం చూసే ముందు వీలైతే దాన్ని చూడండి. నేల బరువు ఏమిటో ఈ మనిషికి ముందే తెలుసని అర్థమవుతుంది.

తర్వాత స్కాలర్‌షిప్ మీద యూరప్ వెళ్లి, లండన్‌లో స్థిరపడి, 1921లో ఆస్ట్రేలియాకు తిరిగొచ్చాడు. 1930లో చనిపోయాడు.

యుద్ధ చిత్రకారుడంటే సైనికుడా?

కొందరు సైనికులే. కొందరికి మాత్రం ప్రభుత్వం గౌరవ హోదా, యూనిఫాం ఇచ్చి సైన్యంతోపాటు పంపేది. చూసింది గీయాలి, గీసింది దేశానికివ్వాలి. ఆస్ట్రేలియాలో ఈ పద్ధతికి దారి వేసినవాడు విల్ డైసన్. 1917లో ఆయన తొలి అధికారిక చిత్రకారుడయ్యాడు. లాంబర్ట్ 1918 మొదట్లో పాలస్తీనాకు వెళ్లి, గుర్రాల మీద తిరిగే ఆస్ట్రేలియా లైట్ హార్స్ దళాలతో గడిపాడు. గుర్రాలు తెలిసినవాడు కాబట్టి ఆ పని ఆయనకు చక్కగా అమరింది.

ఈ సంప్రదాయం ఇప్పటికీ ఆగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో 1943లో నోరా హైసన్ ఆస్ట్రేలియా తొలి అధికారిక మహిళా యుద్ధ చిత్రకారిణి అయ్యింది. 2011లో బెన్ క్విల్టీ అఫ్ఘానిస్తాన్ వెళ్లాడు.

1915 ఏప్రిల్ 25న అక్కడ అసలేం జరిగింది?

కాన్‌స్టాంటినోపుల్‌కి, అంటే నేటి ఇస్తాంబుల్‌కి, సముద్ర మార్గం డార్డనెల్స్ జలసంధి మీదుగా వెళ్తుంది. ఆ దారి చేజిక్కించుకోవాలని బ్రిటన్, ఫ్రాన్స్ చూశాయి. ఓడలతో ప్రయత్నిస్తే కుదరలేదు. అందుకని గల్లిపోలి ద్వీపకల్పం మీద సైన్యాన్ని దింపాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దళాలకు పడమటి తీరంలో ఒక చోటు అప్పగించారు. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో మొదటి పడవలు అరి బుర్ను అనే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొస దగ్గర ఒడ్డుకు తగిలాయి. అనుకున్న చోటు అది కాదు, ఇంకా దక్షిణాన ఉంది. ఎందుకు దారి తప్పారన్నదాని మీద చరిత్రకారుల వాదన ఇప్పటికీ తెగలేదు.

ఎదురుగా బల్లపరుపు మైదానం లేదు. ఇసుక దాటగానే నిట్టనిలువు కొండచరియలు, ముళ్లతుప్పలు, వానకు కోసుకుపోయిన గండ్లు. వీపున మూట, చేతిలో తుపాకీ, తడిసిన బూట్లు. పైనుంచి కాల్పులు. ఆ రోజు చీకటిపడే వేళకు సుమారు 16 వేలమంది దిగారు. రెండు వేలమందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఎనిమిది నెలలు అక్కడే ఇరుక్కుపోయి, డిసెంబర్‌లో కొన్ని రాత్రుల్లో చడీచప్పుడు లేకుండా ఖాళీ చేశారు. మొత్తం గల్లిపోలి పోరులో ఆస్ట్రేలియన్లు 8,700 మంది, న్యూజీలాండ్ వాళ్లు 2,779 మంది పోయారు. సొంత నేల కాపాడుకున్న ఒట్టోమాన్, అంటే నాటి టర్కీ, సైన్యంలో చనిపోయినవాళ్లు 86 వేలకు పైనే. ఈ చివరి లెక్క కూడా తప్పకుండా చెప్పాలన్నది నా పట్టు.

లాంబర్ట్ ఆ రోజు అక్కడ ఉన్నాడా?

లేడు. అప్పటికి లండన్‌లో ఉన్నాడు.

మరి చూడని దాన్ని గీయడం కల్పన కాదా?

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్క మాటలో తేలేది కాదు, కాస్త నిదానంగా చెప్తాను.

యుద్ధ చిత్రాలు చాలావరకు స్టూడియోలో పుట్టాయి. చిత్రకారుడు పత్రికలు చదివి, మోడల్‌కి యూనిఫాం తొడిగి, వెనక ఏదో ఒక కొండ గీసి, ముందు ఒక వీరుణ్ని నిలబెట్టేవాడు. ఆ చిత్రాల్లో కొండలు ఎక్కడివైనా కావచ్చు. లాంబర్ట్ అలా చేయలేదు. యుద్ధం ముగిసిన మూడు నెలలకే, 1919 ఫిబ్రవరిలో, గల్లిపోలి చేరి మార్చి దాకా అక్కడ ఉన్నాడు. మనుషులు వెళ్లిపోయినా నేల అక్కడే ఉంది. ఏ చరియ ఎంత నిటారుగా ఉంది, కాలు ఎక్కడ జారుతుంది, ఏ గండిలోంచి చూస్తే సముద్రం కనబడదు, ఏ గుట్ట వెనక దాక్కోవచ్చు, ఇవన్నీ నేలే చెబుతుంది. ఆ నేలను ఆయన కాలితో కొలిచాడు. ఆ మీదట ఊహించింది మనుషుల కదలికను మాత్రమే. దానికి కూడా సాక్షి పక్కనే ఉన్నాడు.

ఎవరా సాక్షి? ఇంకా ఎవరెవరు వెళ్లారు?

ఆ బృందాన్ని నడిపింది చార్ల్స్ బీన్. ఆయన ఆస్ట్రేలియా అధికారిక యుద్ధ విలేఖరి. 1915లో దిగిన రోజే ఒడ్డుకు చేరి, ఆ ఆగస్టులో కాలికి తూటా తగిలినా ఆ నేలను వదలని మనిషి. ఆ తర్వాత అధికారిక చరిత్ర రాసిందీ, వార్ మెమోరియల్ ఆలోచన మొలకెత్తించిందీ ఆయనే. ఆయనతోపాటు ఫోటోగ్రాఫర్ హ్యూబర్ట్ విల్కిన్స్ వచ్చాడు, తర్వాతి కాలంలో ధ్రువ ప్రాంతాల అన్వేషకుడిగా పేరు పొందినవాడే. పటాలు గీసేవాళ్లు, రికార్డులు చూసేవాళ్లు కలిసి చిన్న బృందం.

సాక్షి పేరు హెడ్లీ హౌ. 11వ బెటాలియన్ సిపాయిగా ఏప్రిల్ 25న ఆ ఒడ్డున దిగినవాడు. నాలుగేళ్ల తర్వాత లెఫ్టినెంట్‌గా అదే కొండ ఎక్కి, మేం ఇటు నుంచి వెళ్లాం, ఇక్కడ ఆగాం అని చూపించాడు.

మరొకాయన గురించి కూడా చెప్పాలి. 57వ రెజిమెంట్‌లో ఒక బెటాలియన్‌కి అధిపతిగా ఆన్‌జాక్‌లకు ఎదురు నిలిచి పోరాడిన టర్కీ అధికారి జెకీ బే. యుద్ధం అయ్యాక అదే నేల మీద బీన్ పక్కన నడుస్తూ, అవతలి కందకాల నుంచి ఆ పోరు ఎలా కనబడిందో చెప్పాడు. నిన్నటి దాకా ఒకరినొకరు గురిచూసి కాల్చుకున్నవాళ్లు ఒకే పటం మీదికి వంగి మాట్లాడుకోవడం, ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం.

వాళ్లు వెళ్లేసరికి అక్కడ ఏముంది?

కందకాల గోడలు విరిగి పడుతున్నాయి. తుప్పలు మళ్లీ అల్లుకుంటున్నాయి. బిస్కెట్ల డబ్బాలు, బూట్లు, చిరిగిన బట్టలు, తూటాల తొడుగులు ఎక్కడివక్కడే. ఎముకలు కూడా. పాతిపెట్టే వీలు దొరకనివాళ్లు నాలుగేళ్లుగా ఎండకూ వానకూ అలాగే ఉన్నారు. సమాధుల పని చూసే దళం అప్పటికే అక్కడ పని మొదలుపెట్టింది.

అన్నిటికన్నా భయంకరమైనది నెక్ అనే ఇరుకైన కొండ గట్టు. 1915 ఆగస్టు 7న లైట్ హార్స్ మనుషులు, గుర్రాలు లేకుండా కాలినడకన, వరసకు 150 మంది చొప్పున నాలుగు వరసల్లో అక్కడ ముందుకురికారు. ఎదురుగా మెషిన్ గన్లు. మొదటి వరస కూలడం చూసి కూడా రెండో వరస లేచింది. 234 మంది పోయారు. మూడు టెన్నిస్ కోర్టులంత జాగాలో మూడొందల మందికి పైగా ఆస్ట్రేలియన్ల అవశేషాలు యుద్ధం తర్వాత దొరికాయని బీన్ రాశాడు. ఈరోజు అక్కడున్న శ్మశానంలో చాలామందికి పేరు లేదు.

అంత చలిలో, అలాంటి చోట ఎలా గీశాడు? సామాను ఏమిటి?

పెద్ద కాన్వాస్ మోసుకెళ్లలేదు. చిన్న చెక్క పలకలు, నూనె రంగులు, పెన్సిల్. ఆ పలకలు చిన్నపిల్లల రాతపలకంత ఉంటాయి, కొన్ని అంతకన్నా చిన్నవి. ఆదివారాలు నేను కూడా పెట్టె పట్టుకుని కొండల్లోకి వెళ్లి గీస్తాను కాబట్టి ఈ పని తీరు కొంచెం చెప్పగలను.

ఆరుబయట గీసేవాడికి అసలు తొందర వెలుగుతోనే. నీడ ఇరవై నిమిషాలు ఒకచోట నిలవదు. అందుకే పలక చిన్నదై ఉండాలి. ముందు ఆకాశం, కొండ, నేల అని మూడు ముద్దలుగా పరిచేయాలి. చెట్టు పేరు, ఆకు ఆకారం తర్వాత. కొండ ముద్ద ఆకాశపు ముద్ద కన్నా ఎంత ముదురుగా ఉందో సరిగ్గా పడితే చాలు, ఆ రోజు పని అయినట్టే. గాలివీస్తే పలక ఊగుతుంది. చలికి నూనె రంగు బిగుసుకుంటుంది, కుంచె కదలదు. గీసిన పలక రోజుల తరబడి ఆరదు, కాబట్టి ఒకదానికొకటి అంటుకోకుండా పెట్టెలో గాడులుంటాయి.

లాంబర్ట్ గల్లిపోలి పలకల్లో ఒకదాని ముందు నిలబడి చూస్తే కుంచె దెబ్బలు లెక్కపెట్టొచ్చు. కొండ వీపు ఒకే లాగుడు. దాని కింద గండికి ముదురు గీత. రంగు పలచగా ఉన్నచోట చెక్క కనిపిస్తుంది. తడబాటు లేదు. ఆ చిన్న పలకలే తర్వాత పెద్ద చిత్రానికి ఆధారం.

చీకటితోనే లేచి వెళ్లేవాడట, నిజమేనా?

నిజం. నెక్ దాడి వేకువన జరిగింది. కాబట్టి ఆ వెలుగు ఎలా ఉంటుందో చూడాలని ఆయన వేకువనే అక్కడికి వెళ్లాడు. చలి, ఒంటరితనం, దూరంగా నక్కల కూతలు, ఆ మసక వెలుగులో కూడా తెల్లగా తెలిసే ఎముకలు. ఆ అనుభవాన్ని ఆయన స్వయంగా రాసి పెట్టుకున్నాడు. మనుషుల బాధ పట్టనట్టు కొండలు మౌనంగా కూర్చుని, తుప్పలు పెంచుకుంటూ, మట్టి జార్చుకుంటూ గాయాలను కప్పేసుకుంటున్నాయన్న అర్థం వచ్చే మాటలు కూడా ఆయన రాతల్లో ఉన్నాయి.

చీకట్లో గీయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుస్తుంది. పళ్లెంలో ఏ రంగు ఎక్కడుందో వేళ్లకు గుర్తుండాలి. ఎరుపూ గోధుమా ఒకేలా కనబడతాయి. వెలుగొచ్చాక చూసుకుంటే వేసింది మరొకటై ఉంటుంది. అయినా వెళ్లక తప్పదు. ఎందుకంటే ఆ తీరం పడమటి ముఖం. సూర్యుడు కొండల వెనక నుంచి వస్తాడు, ఒడ్డు నుంచి పైకెక్కేవాడు చాలాసేపు నీడలోనే ఉంటాడు. లండన్‌లో కూర్చున్నవాడికి ఈ సంగతి తట్టదు. నెల వేరు కాబట్టి 1919 మార్చి వెలుగు, 1915 ఆగస్టు వెలుగు అచ్చంగా ఒకటి కావు, సూర్యుడు పొడిచే చోటు జరుగుతుంది. కానీ ఆ నీడ పద్ధతి మాత్రం అదే.

‘ల్యాండింగ్’ చిత్రంలో మనుషులు అంత చిన్నగా ఎందుకున్నారు?

మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఇదే అడిగారు. ఆయన ప్రకాశం జిల్లా రైతు, జీవితమంతా మట్టితోనే. గదిలోకి రాగానే ఆగి, “ఏమ్మా, యుద్ధం బొమ్మన్నావు, మనుషులేరీ?” అన్నారు. నేను మాట్లాడలేదు. కాసేపు చూసి, “ఈ నేల గట్టిది కాదు. వాన కోత పడ్డ నేల. పట్టుకుంటే ఊడొస్తుంది” అన్నారు. ఇంకో నాలుగడుగులు ముందుకేశారు. అప్పుడు కనబడ్డారు మనుషులు. తుప్పల మధ్య వంగి, మూటల కింద ఒదిగి, చేతులతో చరియను పట్టుకుని పాకుతున్నవాళ్లు. కదలకుండా పడి ఉన్నవాళ్లు కూడా. “అమ్మో, కొండ నిండా ఉన్నారు కదమ్మా” అన్నారు.

లాంబర్ట్ కోరుకున్నది అదేనని నా నమ్మకం. చిత్రం సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు, ఎత్తు రెండు మీటర్లకు కొంచెం తక్కువ. అంత జాగా ఉండి కూడా ఒక్క ముఖాన్ని పెద్దది చేయలేదు. ఖాకీ బట్టలు, ఎండిన తుప్పలు, మట్టి అన్నీ ఒకే రంగు కుటుంబం. దూరం నుంచి కొండే. దగ్గరికెళ్తే సైన్యం. పైన స్ఫింక్స్ అనే మట్టి శిఖరం వాళ్లను చూస్తున్నట్టు నిలబడి ఉంటుంది. అంతకుముందు నెలల్లో ఈజిప్టులో పిరమిడ్ల దగ్గర శిక్షణ పొందిన కుర్రాళ్లు ఆ పోలిక చూసి పెట్టుకున్న పేరది.

ఆ రోజు వాళ్లకు మొదటి శత్రువు ఆ చరియే. దాన్ని పెద్దగా, మనుషుల్ని చిన్నగా గీయడం లెక్క ప్రకారం కూడా సరైనదే.

చిత్రంలో తప్పులున్నాయంటారు?

ఒకటి అందరూ చెప్పేది. దిగినవాళ్లలో చాలామంది తలల మీద ఉన్నది ముందువైపు చూరున్న బ్రిటిష్ తరహా టోపీ. లాంబర్ట్ గీసింది ఆస్ట్రేలియన్ అంటే గుర్తొచ్చే వెడల్పు అంచుల స్లౌచ్ హ్యాట్. ఈ ఒక్క విషయంలో ఆయన జనం మనసులోని బొమ్మ వైపు మొగ్గాడు. నేనైతే అది తప్పే అంటాను. కొండ విషయంలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి టోపీ దగ్గర సడలడం నాకు వెలితిగానే ఉంటుంది. అయినా ఆ వెలితి నేల దాకా పాకలేదు.

ఫోటోలు ఉన్నాయి కదా, చిత్రం ఎందుకు?

మొదటి పడవలు తగిలినప్పుడు వెలుగు లేదు. ఆ కాలపు కెమెరా ఆ చీకట్లో ఏమీ పట్టలేదు. వెలుగొచ్చాక తీసినవి ఉన్నాయి, వాటి విలువ వాటిది. కానీ ఒడ్డు నుంచి శిఖరం దాకా ఆ ఎక్కుడంతటినీ ఒకే చూపులో పెట్టడం ఫోటోకి సాధ్యం కాలేదు. 1919లో విల్కిన్స్ కూడా ఆ కొండలన్నిటినీ ఫోటోలు తీశాడు. నేల ఎలా ఉందో అవి చెబుతాయి. ఆ నేల మీద ఏం జరిగిందో లాంబర్ట్ కుంచె చెప్పింది. రెండూ కావాలనే కదా బీన్ ఇద్దర్నీ వెంటబెట్టుకెళ్లింది.

ఇది యుద్ధాన్ని గొప్ప చేసి చూపడం కాదా?

నాకు అలా అనిపించదు. ఇందులో జెండా లేదు, కత్తి ఎత్తిన అధికారి లేడు, ఓడిన శత్రువు లేడు. గెలుపు ఎక్కడా కనబడదు. ఆయన 1924లో పూర్తిచేసిన నెక్ చిత్రంలోనైతే తూలి పడిపోతున్న మనుషులే. 1917 అక్టోబర్ 31 నాటి బీర్షెబా గుర్రపు దాడిని 1920లో గీశాడు, అందులో మాత్రం వేగం, ఉద్వేగం ఉన్నాయి. ఒక్క చిత్రకారుడిలోనే ఈ రెండూ ఉన్నాయి కాబట్టి వేటికవిగా చూడాలి.

అక్కడే ఉండి గీసినవాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు. ఎల్లిస్ సైలస్ 16వ బెటాలియన్‌లో సందేశాలు చేరవేసే సిగ్నలర్. కందకంలో కూర్చుని స్కెచ్‌లు వేశాడు. కొద్ది వారాలకే మనసు చెదిరి, మేలో అక్కడి నుంచి తరలించాల్సి వచ్చింది. 1920లో ఆయన గీసిన ‘రోల్ కాల్’ చూస్తే గొంతు పట్టేస్తుంది. పోరు తర్వాత హాజరు పిలుస్తున్నారు, పేర్లకు జవాబు లేదు. మనుషుల్ని గీయడంలో సైలస్, నేలను గీయడంలో లాంబర్ట్ అని నేనంటాను.

న్యూజీలాండ్‌కి చెందిన హోరస్ మూర్-జోన్స్ సైన్యం అవసరాల కోసమే కొండల రూపురేఖలు గీశాడు. గాడిద మీద క్షతగాత్రుణ్ని తీసుకెళ్తున్న ఆయన చిత్రం చాలా ప్రసిద్ధం. గల్లిపోలిలో గాయపడ్డవాళ్లను గాడిద మీద తరలించి పేరు పొందిన ఆస్ట్రేలియా సైనికుడు సింప్సన్ అని జనం అనుకున్నారు, కానీ దానికి ఆధారమైన ఫోటోలో ఉన్నది రిచర్డ్ హెండర్సన్ అనే మరో మనిషి. 1922లో ఒక హోటల్ అగ్నిప్రమాదంలో ఇతరుల్ని కాపాడబోయి మూర్-జోన్స్ చనిపోయాడు.

మరో యుద్ధం సంగతి చెప్పాలంటే, 1944లో నార్మండీ తీరంలో మొదటి రోజే దిగిన కెనడా చిత్రకారుడు ఆర్విల్ ఫిషర్. తడవని చిన్న కాగితాల కట్టను మణికట్టుకు కట్టుకుని గీశాడు.

గల్లిపోలిలో భారతీయులున్నారా? మన తెలుగువాళ్లు?

భారతీయులు తప్పకుండా ఉన్నారు, సుమారు 15 వేలమంది. ఏప్రిల్ 25 ఉదయమే భారతీయ పర్వత ఫిరంగి దళం ఆన్‌జాక్ తీరంలో దిగింది. విడదీసి కంచరగాడిదల మీద మోసుకెళ్లే ఫిరంగులు వాళ్లవి. సిక్కులు, పంజాబీ ముస్లింలు, గూర్ఖాలు, కంచరగాడిదల దళాలవాళ్లు. నీళ్లూ తిండీ తూటాలూ పైకి చేరాయంటే ఆ గాడిదల్ని తోలినవాళ్ల చలవే. చాలా ఏళ్లు వాళ్లను ఎవరూ గుర్తుచేసుకోలేదన్నది బాధాకరమైన నిజం. లాంబర్ట్ ‘ల్యాండింగ్’ చిత్రంలో కూడా వాళ్లు లేరు. ఆయన ఎంచుకున్నది తొలి గంట కాబట్టి కారణం అర్థం చేసుకోగలను.

తెలుగు నేలతో సూటి బంధం గల్లిపోలిలో వెతకను. కానీ లాంబర్ట్ తిరిగిన పాలస్తీనా రంగంలో నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్స్ అశ్వికులు ఉన్నారు, మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌దే. ఆ పక్కగా వెళ్తే ఒక్కసారి ఆగి చూడండి.

ఈ చిత్రాలను ఎక్కడ చూడొచ్చు?

‘ల్యాండింగ్’ మొదట 1922 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ ఎగ్జిబిషన్ భవనంలో పెట్టిన యుద్ధ మ్యూజియంలో జనం ముందుకొచ్చింది. కాన్‌బెరా భవనం తెరుచుకున్నది 1941 నవంబర్ 11న. ఇప్పుడు నేను చెప్పిన లాంబర్ట్ యుద్ధ చిత్రాలన్నీ వార్ మెమోరియల్ దగ్గరే ఉన్నాయి. ప్రవేశం ఉచితం. కొన్నేళ్లుగా భవనం విస్తరణ పనులు నడుస్తున్నాయి కాబట్టి, దూరం నుంచి వచ్చేవాళ్లు ఏ గ్యాలరీ తెరిచి ఉందో ముందే కనుక్కోండి. రాలేనివాళ్లు సంస్థ వెబ్‌సైట్‌లో సేకరణ విభాగం చూడొచ్చు, చిన్న పలకలు కూడా చాలా ఉన్నాయి. అయితే ఫోన్ తెరలో ఆ కొండ మామూలు గోధుమరంగు మచ్చలా ఉంటుంది. పెద్ద తెర మీద చూడండి.

గల్లిపోలికే వెళ్తే ఆ కొండ కనబడుతుందా?

కనబడుతుంది. స్ఫింక్స్ ఇప్పటికీ ఉంది, వానకు కొంచెం కొంచెం కరుగుతూ. ఇస్తాంబుల్ నుంచి ఎజెయాబాత్ లేదా చనక్కలె చేరితే అక్కడి నుంచి దగ్గర. సైన్యం దిగిన ఆ తీరపు వంపుకు ‘అన్జాక్ కోయు’ అన్న పేరును టర్కీ 1985లో అధికారికం చేసింది. ఓడించి వెనక్కి పంపినవాళ్ల పేరే తన తీరానికి పెట్టుకున్న దేశం అది. ఆన్‌జాక్ శ్మశానాలు మాత్రమే చూసి తిరిగి రాకండి, 57వ రెజిమెంట్ స్మారకం దగ్గరికి కూడా వెళ్లండి.

పిల్లలకు చావు బొమ్మలు చూపించడం ఇష్టం లేదు. వాళ్లకు ఏది చూపించాలి?

మా అమ్మాయి ఆరేళ్లప్పుడు నాకూ ఇదే సందేహం. ఆ సైనికుల్ని ఏటా ఏప్రిల్ 25న తలుచుకునే ఆన్‌జాక్ డే గురించి బళ్లో చెప్పారు, ఇంటికొచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. అప్పుడు లాంబర్ట్ 1919లోనే గీసిన మరో చిత్రం చూపించాను, ‘గల్లిపోలి వైల్డ్ ఫ్లవర్స్’. అందులో సైనికుడు లేడు, తుపాకీ లేదు. ఆ కొండల మీద ఆ రోజుల్లో పూసిన అడవి పూలు మాత్రమే. కోసి తెచ్చి, ఎదురుగా పెట్టుకుని గీసినవి. ఎర్ర పూల మధ్య నల్లటి గుండ్రాలు కళ్లలా మనవైపే చూస్తుంటాయి. అమ్మాయి చాలాసేపు చూసి, “ఇవి ఎవరికోసం కోశాడు?” అనడిగింది.